మన ఊరి కథే... తెర మీద!

ఆర్ట్ సినిమా అనగానే ‘అమ్మో, బోరు’ అంటాం. నిజానికి అందులో ఉండేది మన పక్క ఊరు, మన అమ్మమ్మ యాస, మన తాత పడ్డ కష్టం! తొర్రూరు లాంటి ఊళ్లో కూర్చుని చూస్తే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఆదివారం పూట ఇంటిల్లిపాదీ చూసి, కాసేపు మాట్లాడుకోదగ్గ కొన్ని మంచి సినిమాల ముచ్చట్లివి...

హీరో గాల్లోంచి దిగడు. ఒక్క దెబ్బకు పదిమంది ఎగిరిపడరు. స్విట్జర్లాండులో పాట ఉండదు. ఓ ముసలమ్మ గిన్నె కడుగుతుంటే కెమెరా ఆమెనే చూస్తూ ఉంటుంది. ‘ఇదేం సినిమా?’ అని ఛానల్ మార్చేస్తాం. అక్కడితో ఆగకుండా ఇంకో పది నిమిషాలు చూస్తే? ఆ గిన్నెలో మెతుకు ఎందుకు లేదో తెలుస్తుంది. ఆ తర్వాత లేవబుద్ధి కాదు.

ఇలాంటి సినిమాలు పెద్ద నగరాల్లో చదువుకున్న నలుగురి కోసమేనని చాలామంది నమ్మకం. కానీ తెలుగులో వచ్చిన మంచి సమాంతర చిత్రాల్లో చాలావాటికి కథ దొరికింది నగరాల్లో కాదు... పల్లెల్లో, తండాల్లో, గడీల్లో. ఆ లెక్కన వాటిని చూసేందుకు మొదటి హక్కు తొర్రూరు లాంటి ఊళ్లదే!

పొరుగూరి చరిత్ర

తొర్రూరు వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలకు అదే పట్నం. మొన్నమొన్నటిదాకా వరంగల్ జిల్లా. 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. ఇక్కణ్నుంచి పడమటి దారి పట్టుకుంటే పాలకుర్తి వస్తుంది. తన పంటను, తన భూమిని దొరకు వదలనని తెగించి నిలబడ్డ చాకలి ఐలమ్మది ఆ ఊరే. ఆ ప్రాంతాన్ని ఏలిన దేశ్‌ముఖ్ గడి ఉన్న విస్నూరు కూడా ఆ పక్కనే. ఇంకాస్త ముందుకెళితే కడవెండి. 1946 జులై 4న దొర మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగింది అక్కడే. ఆ మరణమే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని రగిలించింది.

ఈ చరిత్రను పాఠ్యపుస్తకంలో చదివితే తేదీలు గుర్తుంటాయి. మరి ఆ భయం, ఆ తెగువ ఎలా ఉంటాయో తెలియాలంటే? ‘మా భూమి’ చూడాలి. 1979లో తయారైన ఈ చిత్రానికి దర్శకుడు గౌతమ్ ఘోష్. బెంగాలీ. అదే ఆయన తొలి కథాచిత్రం. ఉర్దూ రచయిత కిషన్ చందర్ రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల దీనికి ఆధారం. నిర్మాతలు బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్. రామయ్య అనే పేద రైతు కొడుకు వెట్టి భరించలేక ఊరొదిలి హైదరాబాదుకు పోతాడు. అక్కడ కార్మికుల మధ్య నాలుగక్షరాలు, లోకం తీరు నేర్చుకుంటాడు. తిరిగి ఊరికొచ్చి పోరాటంలో కలుస్తాడు. స్థూలంగా ఇదీ కథ.

రామయ్యగా నటించిన సాయిచంద్‌కు ఇదే మొదటి సినిమా. ఆయనెవరో ఈ తరానికి ఇట్టే గుర్తుపట్టేలా చెప్పాలంటే... ‘ఫిదా’లో కథానాయిక తండ్రి! ప్రసిద్ధ రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడు. బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడే దృశ్యం ఇందులోదే. పశువులు కాసే పిల్లగాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాట కూడా ఈ చిత్రంలో ఉంది. ఆర్ట్ సినిమాలు జనం చూడరన్న మాటను అబద్ధం చేసిన చిత్రం ‘మా భూమి’. ఎందుకు చూశారు? అందులోవి తమ మొహాలు, తమ మాటలు కాబట్టి!

గడి గోడల వెనక...

పోరాటం కథ సరే. ఆ పోరాటం ఎందుకు వచ్చిందో తెలియాలంటే గడి లోపలికి వెళ్లాలి. ‘మా భూమి’ తీసిన నర్సింగరావు దర్శకుడై 1988లో ఆ లోపలికే తీసుకెళ్లారు... ‘దాసి’తో.

దొరసాని పెళ్లయి అత్తారింటికి వచ్చేటప్పుడు నగలు, సామాన్లతోపాటు ఆడపిల్లల్ని కూడా వెంట పంపే రోజులవి. అలా గడికి చేరిన కమలాక్షి కథ ఇది. పొద్దున లేచింది మొదలు పని. ఊడవాలి, తోడాలి, కాళ్లు పట్టాలి. దొర పిలిస్తే వెళ్లాలి. ‘కాదు’ అనే మాట ఆమెకు తెలియదు. ఈ సినిమాలో పెద్దపెద్ద సంభాషణలుండవు. ఎవరూ ఉపన్యాసాలివ్వరు. ఆ ఖాళీ వరండాలు, ఆ మౌనం, ఎప్పుడూ కిందికే చూసే ఆ కళ్లు... అవే మాట్లాడతాయి. కమలాక్షిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు దక్కింది. ఉత్తమ తెలుగు చిత్రం, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తుల రూపకల్పన... ఇవీ కలిపితే మొత్తం ఐదు జాతీయ అవార్డులు! కళాదర్శకుడు మరెవరో కాదు, నుదుట పెద్ద బొట్టుతో, రంగురంగుల చీరల్లో తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు గీసిన తోట వైకుంఠం. గడిలోని గిన్నె, గోడ, చీర అంచు... దేన్నైనా పరీక్షగా చూడొచ్చు. ఈ చిత్రం మాత్రం పెద్దవాళ్లకు, ఎదిగిన పిల్లలకే. చిన్నారులకు వద్దు.

‘దాసి’ నచ్చినవారు వెంటనే చూడాల్సింది శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’. 1974లో వచ్చిన ఈ హిందీ చిత్రమూ తెలంగాణ పల్లె కథే. బెనెగల్ పుట్టి పెరిగింది హైదరాబాద్ దగ్గరే మరి! షబానా అజ్మీ తొలిసారి తెరమీద కనిపించిందీ ఇందులోనే. మొదటి సినిమాకే జాతీయ ఉత్తమ నటి అయ్యారామె. దొర కొడుకు, అతని ఇంట్లో పనిచేసే లక్ష్మి, ఆమె మూగ భర్త... ముగ్గురి మధ్య నడిచే ఈ కథలో ఒక పిల్లవాడు చివర్లో చేసే చిన్న పని ప్రేక్షకుణ్ని చాలారోజులు వదలదు.

ఇదే వరసలో మరొకటి ‘ఒక ఊరి కథ’ (1977). ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ కథను బెంగాల్ నుంచి వచ్చిన మృణాల్ సేన్ తెలుగు పల్లెలో నిలబెట్టారు. ‘ఎంత చాకిరీ చేసినా బాగుపడేది ఆసామే, మరి చెయ్యడమెందుకు?’ అనుకుని పని మానేసిన తండ్రీకొడుకులు, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఒక మంచి పిల్ల. నవ్వొచ్చినట్టే వచ్చి గొంతులో ఆగిపోయే సినిమా ఇది. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది.

తండా నుంచి ఒక తల్లి

గడీలు పోయాయి. మరి కష్టాలు? తొర్రూరు చుట్టుపక్కల లంబాడా తండాలు ఎక్కువ. ఆ తండాల ఆడవాళ్ల గుండెకోతను చెప్పిన చిత్రం ‘కమ్లి’ (2006). దర్శకుడు కె.ఎన్.టి.శాస్త్రి. ప్రసిద్ధ నటి నందితాదాస్ లంబాడా స్త్రీగా నటించారు. ఆసుపత్రిలో మగపిల్లవాణ్ని కన్న తల్లి పక్కలో ఆడపిల్ల ఉంటుంది. నా బిడ్డ ఏడీ అని ఆమె అడుగుతుంది. ఎవరూ వినరు. చదువు లేని, డబ్బు లేని ఒక తల్లి మాటకు విలువెంత? ఆడపిల్లంటే ఎందుకంత చులకన? సినిమా అయ్యాక ఇంట్లో మాట్లాడుకోవాల్సిన ప్రశ్నలివి. దీనికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

అదే ఏడాది రజనేశ్ దోమలపల్లి తీసిన ‘వనజ’ మరో ఆణిముత్యం. కూచిపూడి నేర్చుకోవాలన్న ఆశతో జమీందారిణి ఇంట్లో పనికి చేరిన జాలరి పిల్ల కథ. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేసేందుకు దర్శకుడు తీసిన సినిమా ఇది. అంటే ఒక విద్యార్థి పరీక్ష కోసం చేసిన ప్రాజెక్టు! నటించినవాళ్లూ సినిమావాళ్లు కాదు. అయినా 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ తొలి చిత్రంగా ఎంపికైంది. కథలో ఆ అమ్మాయికి జరిగే అన్యాయం కలచివేస్తుంది కాబట్టి దీన్నీ పెద్ద పిల్లలతోనే చూడాలి.

చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ‘గ్రహణం’ కూడా జాబితాలో ఉండాల్సిందే. తనికెళ్ల భరణి, జయలలిత నటించారు. అనుమానం, మూఢనమ్మకం కలిసి ఒక నిండు సంసారాన్ని ఎలా కాల్చేస్తాయో చెబుతుంది. దర్శకుడి తొలి చిత్రానికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ అవార్డు దీనికి దక్కింది.

ఊరంతా కలిసి చూసింది!

‘ఇవన్నీ పాతవి, ఏడుపు సినిమాలు’ అనేవారికి ఈమధ్య వచ్చినవీ ఉన్నాయి. 2019లో వచ్చిన ‘మల్లేశం’ అలాంటిదే. చీర నేసే ముందు ఆసు పోయడానికి నేతింటి ఆడవాళ్లు రోజూ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. భుజాలు పడిపోతాయి. అమ్మ పడే ఆ బాధ చూడలేక ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం నిజజీవిత కథ ఇది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు ముందుగా చూపించాల్సిన సినిమా.

ఇక 2023లో వచ్చిన ‘బలగం’ చేసిన అద్భుతం వేరు. వేణు ఎల్దండి దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమాలో ఉన్నదల్లా ఒక చావు, పదకొండు దినాలు, పిట్టకు పెట్టే ముద్ద. ఇందులో హీరోయిజం ఏముంది? ఏమీ లేదు. కానీ తెలంగాణ పల్లెల్లో కూడళ్ల దగ్గర తెరలు కట్టుకుని ఊరంతా కలిసి చూశారు. పంతాలకు పోయి ఏళ్లతరబడి మాటల్లేని అన్నదమ్ములు, అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. చివర్లో గుండెలు పిండే ఆ పాట పాడింది వరంగల్ ప్రాంతపు బుర్రకథ కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు. ఇదే చిత్రంలో ఊరి మీద పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీతరచయిత పురస్కారం లభించింది.

‘బలగం’ను ఎవరూ ఆర్ట్ సినిమా అనలేదు. కానీ దాని బలం మాత్రం అక్కడిదే. నిజమైన ఊరు, నిజమైన యాస, తెచ్చిపెట్టుకోని కన్నీళ్లు. ‘మా భూమి’ని చూసినప్పుడు జనానికి ఏమనిపించిందో నలభై ఏళ్ల తర్వాత ‘బలగం’ చూసినప్పుడూ అదే అనిపించింది... ఇది మన కథే అని!

హాయిగా నవ్వుకుంటూ మొదలుపెడదాం అనుకుంటే ‘సినిమా బండి’ (2021) ఉంది. ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా డ్రైవరు చేతికి చిక్కుతుంది. ఇంకేం, ఊరివాళ్లే నటులు, కూరగాయలమ్మే అమ్మాయే హీరోయిన్! సినిమా మీద పల్లెటూరివాళ్లకున్న పిచ్చి ప్రేమను ఎంత ముద్దుగా చూపించారో చూసి తీరాలి.

ఎల్లలు దాటితే...

మన ఊరి సినిమాలు చూశాక పరాయి దేశపు సినిమాలు పరాయిగా అనిపించవు. భాష రాకపోయినా ఫర్వాలేదు. కష్టానికి, ప్రేమకు అనువాదం అక్కర్లేదు కదా!

సైకిల్ లేకపోతే కొలువు లేదు. దుప్పట్లు తాకట్టు పెట్టి విడిపించుకున్న ఆ సైకిల్‌ను మొదటిరోజే ఎవడో ఎత్తుకుపోతే? 1948లో ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ కథ ఇంతే. తండ్రీకొడుకులు రోమ్ వీధుల్లో ఆ సైకిల్ కోసం తిరుగుతుంటారు. తండ్రిగా నటించిన వ్యక్తి అసలు నటుడే కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. ఈ సినిమా చూశాకే సత్యజిత్ రేకు తానూ ఇలా తీయగలనన్న ధైర్యం వచ్చింది. ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేసుకుంటూ, డబ్బుల్లేక మధ్యమధ్యలో ఆగిపోతూ, ఆఖరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సాయంతో 1955లో ‘పథేర్ పాంచాలీ’ పూర్తి చేశారాయన. అపు, దుర్గ అనే అక్కాతమ్ముళ్లు, పళ్లు లేని ముసలి మేనత్త, రెల్లుపూల మధ్య నుంచి పరుగెత్తే రైలు... బెంగాల్ పల్లె అయితేనేం, పాత వరంగల్ జిల్లా పల్లె అయితేనేం!

పిల్లలున్న ఇంట్లో అయితే ఇరాన్ దర్శకుడు మాజిద్ మాజిదీ ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ (1997)తో మొదలెట్టండి. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న అలీ. నాన్నకు చెబితే కొనడానికి డబ్బుల్లేవని తెలుసు. అందుకే ఒకే జత బూట్లను ఇద్దరూ పంచుకుంటారు. పొద్దున బడికి చెల్లి, మధ్యాహ్నం బడికి అన్న. మధ్యలో పరుగే పరుగు! ఆస్కార్ బరిలో తుదిదాకా నిలిచిన ఈ చిత్రం చూశాక కొత్త బూట్ల కోసం పేచీ పెట్టే పిల్లలు కాసేపైనా ఆలోచనలో పడతారు.

ఇల్లు కట్టిచూడు అన్న సామెత తెలిసిన ప్రతి మధ్యతరగతి కుటుంబం చూడాల్సిన తమిళ చిత్రం ‘వీడు’. వీడు అంటే ఇల్లు. బాలు మహేంద్ర తీశారు. స్థలం, అప్పు, కాంట్రాక్టరు మోసం, ఆఫీసుల్లో తిప్పలు... ఇల్లు కట్టుకున్నవారికి ఒక్కో సన్నివేశం ఒక్కో గాయాన్ని రేపుతుంది. ఇందులోనూ అర్చనే కథానాయిక. 1987కు ‘వీడు’తో, 1988కి ‘దాసి’తో... వరసగా రెండేళ్లు ఆమే జాతీయ ఉత్తమ నటి!

బోరు కొట్టకుండా ఉండాలంటే...

మామూలు సినిమా మనల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో సంగీతం చెప్పేస్తుంది. ఈ సినిమాలు అలా చెప్పవు. వాటి పక్కన మనమే నడవాలి. కాబట్టి చూసే పద్ధతి కాస్త మార్చుకోవాలి.

• సెల్‌ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూడొద్దు. టీవీలో, లైట్లు తగ్గించి, ఒకే కూర్చోలులో చూడాలి. ‘దాసి’ నిడివి ఎంతనుకున్నారు? గంటన్నరే!

• మొదటి ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి. ఆ ఊరి వేగానికి మనం అలవాటు పడేందుకు పట్టే సమయమది.

• ‘తర్వాత ఏమవుతుంది’ అని కాకుండా ‘ఇక్కడ ఏం జరుగుతోంది’ అని చూడాలి. మాటలు లేనప్పుడు మొహాలు చూడాలి, చప్పుళ్లు వినాలి.

• బరువైన వాటితో మొదలుపెట్టొద్దు. ముందు ‘సినిమా బండి’, ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’, ‘మల్లేశం’. తర్వాత ‘వీడు’, ‘బైసికిల్ థీవ్స్’, ‘పథేర్ పాంచాలీ’. ఆపైన ‘మా భూమి’. ‘దాసి’, ‘ఒక ఊరి కథ’, ‘వనజ’ చివరికి.

• అయిపోగానే టీవీ కట్టేసి ఓ పావుగంట మాట్లాడుకోవాలి. ఎవరి మీద జాలేసింది? ఎవరి మీద కోపమొచ్చింది? నువ్వైతే ఏం చేసేవాడివి? పిల్లల జవాబులు ఒక్కోసారి పెద్దల్ని ఆశ్చర్యపరుస్తాయి.

నలుగురూ కలిస్తే ఓ సొసైటీ

ఇంట్లో చూడటం ఒక ఎత్తు. పదిమందితో కలిసి చూడటం మరో ఎత్తు. థియేటర్లకు రాని మంచి సినిమాల కోసం ప్రేక్షకులే చందాలు వేసుకుని పెట్టుకున్నవే ఫిల్మ్ సొసైటీలు. 1947లో సత్యజిత్ రే, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ ప్రారంభించారు. దేశంలోని సొసైటీలన్నీ కలిసి 1959లో సమాఖ్యగా ఏర్పడితే దానికి రేనే తొలి అధ్యక్షుడు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ 1974లో పుట్టింది. ఆ కెరటం జిల్లాలకూ పాకింది. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ అలా వచ్చిందే. అప్పట్లో ఒక్క సినిమా వేయాలంటే ఎంత తతంగమో! రీళ్ల డబ్బాలు పుణె నుంచో, మద్రాసు నుంచో రైల్లో రావాలి. ప్రొజెక్టరు దొరకాలి. హాలు దొరకాలి. రీలు తెగితే అతికించాలి. సినిమా అయ్యాక భద్రంగా తిరిగి పంపాలి. అయినా చేశారు.

ఇప్పుడు అంత శ్రమ లేదు. తొర్రూరు లాంటి పట్టణంలో ఒక బడి గది, ఒక చిన్న ప్రొజెక్టరు, తెల్లటి గోడ చాలు. నెలకో ఆదివారం, పాతికమంది. సినిమాకు ముందు ఐదు నిమిషాల పరిచయం, తర్వాత అరగంట చర్చ. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇంట్లో చూడటం వేరు, నలుగురికీ తెరకట్టి చూపించడం వేరు. దానికి హక్కుదారుల అనుమతి ఉండాలి. ఊళ్లలో ‘బలగం’ ప్రదర్శనల సమయంలోనూ ఈ చర్చ వచ్చింది. అనుమతి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మంచి సినిమా తీసినవారు కోరుకునేది చూసే కళ్లనే కదా!

మరొక్క మాట. వెట్టి చేసినవాళ్లను, దళాలకు రాత్రిపూట అన్నం పెట్టి పంపిన తల్లుల్ని చూసిన తరం పల్లెల్లో వేగంగా తగ్గిపోతోంది. తొమ్మిది పదులు దాటినవారు ఎక్కడో ఒకరిద్దరు. వాళ్లను ‘అప్పటి సంగతులు చెప్పు తాతా’ అంటే ఏం చెప్పాలో తోచక ‘ఏముంది బిడ్డా, ఎట్లనో బతికినం’ అని ఊరుకుంటారు. అదే ‘మా భూమి’ పక్కన కూర్చోబెట్టి చూపిస్తే? ‘గట్ల కాదు, మా ఊళ్లె ఇంకో తీరుండె’ అని మొదలుపెడతారు. సినిమాలో లేని కథ అప్పుడు బయటికొస్తుంది. ఏ కెమెరా తీయని కథ, ఏ పుస్తకంలో లేని కథ! అది వినడానికి మనవలు, మనవరాళ్లు పక్కనుండాలి. ఈ ఆదివారం వాళ్లను ఇంట్లోనే ఉండమనండి.